కార్పెట్ షరతు

బెక్స్‌హిల్,
మే 12

డల్సీ అత్తా,

చెప్పావా నాకు? ఒక్క ముక్క చెప్పావా, ఈ ఫ్లాటు మనది కాదని?

"మొక్కలకి నీళ్ళు పొయ్యి, కొనేవాళ్ళొస్తే చూపించు, అమ్ముడుపోయేదాకా రాజాలా ఉండు" అన్నావు. అని పడవెక్కేశావు. ఎక్కిన మర్నాడే ఫోను కాలవలో పడేసుకున్నావు. ఇప్పుడు నీకేదన్నా చెప్పాలంటే ఇలా పెన్ను పట్టుకోవాలి. బడి మానేసి ఏడేళ్ళయింది, వేళ్ళు నొప్పెడుతున్నాయి. అక్షరాలు చూసి నవ్వావంటే మళ్ళీ రాయను.

మంచి మాట ముందు చెప్తా. ఫ్లాటు ఒకళ్ళకి నచ్చింది. గుడ్‌విన్ అని, ఆయన బస్సు నడుపుతాడు, ఆవిడ నర్సు. మూడేళ్ళ కవల పిల్లలు. నేను వంటిల్లు చూపించేలోపు ఒకడు సోఫా మీంచి దూకాడు, రెండోవాడు కిటికీలోంచి సముద్రాన్ని తిట్టాడు. మొగుడూ పెళ్ళాం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. అయిపోయింది, ఈ డబ్బుతో నువ్వు కొనుక్కుంటానన్న పడవ నీదే అనుకున్నా.

తర్వాత మీ లాయరమ్మ దగ్గరికెళ్ళా, అదే, బేకరీ మేడమీద కూచుంటుందే, మిస్ పిల్‌బీమ్. "లీజులో ఎన్నేళ్ళు మిగిలాయి?" అంది. "ఏం లీజు?" అన్నా. ఆవిడ చూసిన చూపు మా లెక్కల మాస్టారి చూపే అత్తా. ఆ చూపుకి భయపడే కదా నేను బడి మానేసింది.

నువ్వు తొంభై తొమ్మిదేళ్ళకి కొన్నావంట. ఆ తర్వాత గోడలు, పైకప్పు, నీ బాత్రూంలో గులాబీ రంగు తొట్టి, అన్నీ కింద ఇంట్లో మిస్టర్ ఏక్‌హర్స్ట్‌వి అయిపోతాయంట. నేల ఆయనది, మనం గాల్లో వేలాడుతున్నాం. అందులో పద్దెనిమిదేళ్ళు అప్పుడే తినేశాం, పంతొమ్మిదోది నడుస్తోంది. ఎనభై ఏళ్ళకి పైన మిగిలుండగా "పొడిగించండి" అని ఆయనకి నోటీసిస్తే చవకలో తొంభై ఏళ్ళు కలుస్తాయి. ఎనభైకి దిగిందా, ఫ్లాటుకి పెరిగే విలువలో సగం ఆయన చేతిలో పెట్టాలి. అప్పుడు నీకు పడవ రాదు, పడవలో కుర్చీ వస్తుంది. పొడిగించకపోతే గుడ్‌విన్‌లకి బ్యాంకు లోనూ ఇవ్వదు. అమ్మబోతే అడవి అంటారే, అడవి కూడా లీజుకే.

ఇంకోటి. పొడిగించాక ఏడాదికి అద్దె ఒక్క మిరియపు గింజంట! చట్టంలోనే ఉందంట. నేను పగలబడి నవ్వా. లాయరమ్మ నవ్వలేదు.

నోటీసు ఇమ్మంటావా? కింద పెద్దాయన చూస్తే ఇంతవరకు నాతో మాట్లాడలేదు.

నీ
కర్టిస్


స్టోక్ బ్రూర్న్, కాలవ గట్టు,
మే 27

ఒరేయ్ కర్టిస్,

నవ్వలేదురా, ఒట్టు. ఈ పడవ సొంతదారు నార్మన్‌కి చదివి వినిపించా, ఆయన నవ్వాడు.

ఎనభై ఏళ్ళ తర్వాత ఆ గులాబీ తొట్టి ఎవడిదైతే నాకేం? నాకిప్పుడే డెబ్బై. అయినా కంగారు పడకు. లీజు మీద సంతకాలు పెట్టింది ఫిబ్రవరిలో. బాగా గుర్తు, ఆవేళ మంచు పడింది, నా సామాన్ల బండి జారిపోయి పాలబండిని గుద్దింది. అంటే ఫిబ్రవరిదాకా టైముంది.

నోటీసు మాత్రం వద్దు. ఒకే గుమ్మంలోంచి లోపలికొచ్చే మనిషికి లాయరు నోటీసా? టీకి పిలిచి మొహాన కొట్టినట్టుంటుంది. ఆయనకి తెలుసు ఫ్లాటు అమ్మకానికి పెట్టానని, వాకిట్లో బోర్డుంది. మాట ఆయనే ఎత్తుతాడు. మనమే ముందు ఎత్తితే బాగోదు.

ఆయన నీతో మాట్లాడలేదని బాధపడకు. నాతోనే పదిహేడేళ్ళుగా మాట్లాడలేదు. ఏదన్నా ఉంటే హాల్లో బల్లమీద చీటీ పెడతాడు. "చెత్తబండి రోజు మారింది. ఏ. ఏక్‌హర్స్ట్." నేను కింద "థాంక్యూ. డి." అని రాస్తా. అంతే మా కాపరం. ఎందుకంటావా, ఎప్పుడో కార్పెట్ గొడవ, వదిలెయ్. ఎదురుపడితే తలూపు. ఎండా వానా గురించైతే రెండు మాటలు మాట్లాడొచ్చు, మూడోది వద్దు.

ఇక్కడ నేను నిన్న ఒక్కదాన్నే పడవని లాకు దాటించాను, అదే, నీళ్ళు నింపి పడవని పై మట్టానికి ఎత్తే గేట్ల మడుగు. గేటు దూలానికి వీపు ఆనించి తొయ్యాలి, గేదెని వెనక్కి నెట్టినట్టుంటుంది. పడవ పేరు బ్రాంబుల్. దీని పొయ్యి పొగ చిమ్ముతుంది, మంచం నాకంటే పొట్టి, నాకు మాత్రం తెగ నచ్చేసింది. నార్మన్‌కి మోకాళ్ళు పోయాయి, ఇక లాకులు తిప్పలేడు. "క్రిస్మస్ దాకా నీకోసం ఆపుతా డల్సీ, ఆ తర్వాత లెస్టర్‌వాడొకడు అడుగుతున్నాడు, ఇచ్చేస్తా" అన్నాడు. ముప్పై ఏళ్ళు చర్చి హాల్లో పిల్లలకి డాన్సు నేర్పాను కర్టిస్. ముప్పై ఏళ్ళూ ఒకే గదిలో గుండ్రంగా తిరిగాను. ఇప్పుడు నెమ్మదిగానైనా తిన్నగా ముందుకి పోవాలనుంది.

అలమరా పైన అట్టపెట్టె ఉంది. అది ముట్టుకోకు.

అత్త


బెక్స్‌హిల్,
జులై 9

అత్తా,

బీచి కుర్చీల ఉద్యోగం పోయింది. అడక్కు. సరే, చెప్తా. కుర్చీలో నిద్రపోయాను, అలొచ్చింది, ఏడు కుర్చీలు ఫ్రాన్సు వైపు వెళ్ళాయి. ఇప్పుడు బీచిలో చెక్క గదులకి రంగులేస్తున్నా. ఇది నచ్చింది. ఎవడూ ప్రశ్నలడగడు.

పోయిన నెల ఓ పొద్దున్న కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరుగుతుంటే కిందనుంచి టక్ టక్ టక్. చీపురు కర్రతో పైకప్పు కొడుతున్నాడు పెద్దాయన! కిందకెళ్ళి సారీ చెప్పా. తలుపు సందులోంచి నన్ను పైనుంచి కిందదాకా చూశాడు.

"నువ్వు మీ అత్తకంటే తేలిగ్గా నడుస్తావు" అన్నాడు. "కానీ మరీ ఎక్కువ నడుస్తావు. ఎక్కడికి?"

"ఎక్కడికీ లేదండీ, అలవాటు."

"ఊఁ" అని తలుపేసుకున్నాడు. అది మూడు మాటల కిందకొస్తుందా? నా తప్పు లేదు, మొదలెట్టింది ఆయన.

గుడ్‌విన్‌లు ఆగుతామన్నారు. నర్సమ్మ మాత్రం "సంగతేంటో తేల్చు నాయనా, అద్దింట్లో పైనవాళ్ళు పిల్లల గోల అని రోజూ తిడుతున్నారు" అంది. తేల్చమంటే నేనేం తేలుస్తా? నువ్వు నోరు కట్టేశావు. బుధవారాలు తప్ప ఎప్పుడు చూపించమన్నా చూపిస్తానని చెప్పా. బుధవారాలు నాకు పనుంటుంది. ఏం పనని అడక్కు.

అన్నట్టు రూబార్బ్ కాడల్తో తియ్యటి క్రంబుల్ చెయ్యడం నీకొచ్చా? అంత బాగుంటుందని నాకిన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేం?

కర్టిస్


ఫాక్స్‌టన్ లాకులు,
ఆగస్టు 3

ఒరేయ్ దొంగా,

ఎవర్రా ఆ బుధవారం పిల్ల? పేరు చెప్పు. క్రంబుల్ చేసి పెడుతోందంటే మంచి పిల్లే. అలా తిండి పెట్టే పిల్లని వదులుకోకు. నీకెలాగూ వండడం రాదు, కూర్చోడం రాదు, కనీసం తినడమన్నా వచ్చు.

ఇక్కడ పది లాకులు మెట్లలా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఎక్కాం! జనం గట్టుమీద ఐస్‌క్రీం తింటూ నన్ను చూస్తున్నారు. ఒకాయన "అమ్మమ్మా, సాయం కావాలా?" అన్నాడు. "నీకే కావాలేమో చూసుకో బాబూ, నీ ఐస్‌క్రీం చొక్కా మీద కారుతోంది" అన్నా. నార్మన్ చుక్కాని దగ్గర నవ్వలేక చచ్చాడు. నా భుజాలు చూస్తే నువ్వు గుర్తుపట్టవు.

నువ్వు సతాయిస్తున్నావు కాబట్టి ఒక మెట్టు దిగాను. ఇందులో చీటీ పెట్టాను, హాల్లో బల్లమీద పెట్టు. "ఈ ఏడు ఎండలు బాగున్నాయి. లీజు సంగతి మీకు వీలున్నప్పుడు. తొందరేం లేదు. డి." మూడుసార్లు తిరగరాశాను. మరీ మీదపడినట్టు లేదు కదా?

అత్త


బెక్స్‌హిల్,
సెప్టెంబరు 15

అత్తా,

నీ చీటీ పెట్టాను. జవాబు కూడా వచ్చింది. "అవును, బాగున్నాయి. తప్పకుండా. వీలున్నప్పుడు. ఏ. ఏక్‌హర్స్ట్." ఆరు వారాలయింది. మీ ఇద్దరికీ వీలు కుదిరేసరికి లీజులో ఎనభై కాదు, ఎనిమిదేళ్ళు మిగుల్తాయి. వరదొచ్చి పీకలదాకా మునిగినా మీరు "మీరు ముందు" "అబ్బే, మీరు ముందు" అనుకుంటారు.

ఇప్పుడు కూర్చుని చదువు. కూర్చున్నావా?

ఫిబ్రవరి కాదు.

లాయరమ్మ ఆ పాత కాగితం తీసి మొత్తం చదివింది. నువ్వు సంతకం పెట్టింది ఫిబ్రవరిలోనే. కానీ లోపల "అంతకుముందు వచ్చిన మైకేల్మస్ నుంచి తొంభై తొమ్మిదేళ్ళు" అనుంది. మైకేల్మస్ అంటే సెప్టెంబరు 29న వచ్చే పండగ. రాజుల కాలంనుంచీ అద్దెలు ఏడాదికి నాలుగు పండగలకి కట్టే లెక్క కదా, ఆ లాయరెవడో సరదాగా దాన్నే రాసేశాడు. అంటే నువ్వు మంచులో సామాన్లు దింపకముందే లీజులో ఐదు నెలలు కరిగిపోయాయి. సెప్టెంబరు 29కి ఎనభై. నోటీసు 28 లోపల ఆయన చేతిలో పడాలి. పడితే ఆ రోజు లెక్కనే ధర. ఒక్కరోజు దాటినా పడవ లెస్టర్‌వాడిదే.

"మరి ఇచ్చెయ్యండి" అన్నా. "మీ అత్త తన చేత్తో సంతకం పెట్టాలి. నేను పెట్టినా చెల్లదు, నువ్వు పెట్టినా చెల్లదు" అంది.

"నాకు అత్త సంతకం వచ్చండీ. బళ్ళో ఎన్నిసార్లు..."

"ఆ మాట నేను వినలేదు" అంది. "వింటే మనిద్దరం జైల్లో ఒకే గిన్నెలో గంజి తాగాలి."

కాగితాలు ఇందులోనే పెట్టి బ్రాన్‌స్టన్‌లో కాలవ కొట్టుకి పంపుతున్నా, అక్కడ ఆగుతామన్నావుగా. అందగానే సంతకం పెట్టి పంపెయ్. మర్యాదలు తర్వాత చూసుకుందాం.

కర్టిస్


(బాతుల బొమ్మ కార్డు)
బ్రాన్‌స్టన్,
సెప్టెంబరు 22

కర్టిస్, ఇక్కడ కొట్టులో నాకేం ఉత్తరాలు లేవుట. రాయడం మానేశావా? బుధవారం పిల్ల తీరిక ఇవ్వట్లేదా? రెండ్రోజులుగా వాన. లాకుల కోసం ముందుకి కదులుతున్నాం. కొట్టులో ఆపిల్ పై తిన్నా, బ్రహ్మాండం. లీజు గురించి బెంగ పడకు, ఫిబ్రవరి చాలా దూరం! — అత్త


హిల్‌మోర్టన్ లాకులు,
సెప్టెంబరు 27, సాయంత్రం

కర్టిస్,

నువ్విప్పుడే వెళ్ళావు. టీ కాచాను, తాగలేదు, కప్పు ఇంకా వెచ్చగా ఉంది.

వాన్లో గట్టుమీద ఒకడు పరిగెత్తుకుంటూ వస్తుంటే నార్మన్ "పిచ్చాడెవడో" అన్నాడు. నేను "మావాడే" అన్నా. రగ్బీలో రైలు దిగి, బస్సులో బ్రాన్‌స్టన్‌కి పోయి, కాగితాలు నిన్ననే అక్కడ కొట్టుకొచ్చి పడున్నాయని తెలిసి, తీసుకుని, గట్టు పట్టుకుని మళ్ళీ రగ్బీ దాకా నడిచొచ్చావు! పొద్దున్న నువ్వు రైలు దిగినప్పుడు నేను గంట నడక దూరంలో గుడ్లు వేయించుకుంటున్నానురా. నత్తలా పోయే పడవని పట్టుకోలేక ఊరంతా తిరిగినవాడు మన వంశంలో నువ్వొక్కడివే.

నీ వీపు మీద కాగితం పెట్టి సంతకం చేశాను. కలం మధ్యలో ఆగింది, నీకు తెలిసే ఉంటుంది. "పెట్టు అత్తా" అన్నావు. పెట్టాను. "ఆయనెలా ఉన్నాడు?" అన్నాను. నువ్వు బూట్లకేసి చూశావు. బురద బూట్లు, చూడ్డానికేముంది వాటిలో? నువ్వేదో దాస్తున్నావు.

సరే, నేను దాచింది ముందు చెప్తా. నేను ఆ ఫ్లాటుకి వచ్చిన కొత్తలో పొద్దున్నే ముందుగదిలో చెక్కల మీద డాన్సు చేసేదాన్ని. టాప్ షూస్, కింద ఇనుప రేకులుంటాయే, అవి వేసుకుని, రోజూ అరగంట. క్లాసులో పిల్లలకి నేర్పడానికి చేసేది వేరు, ఇది నాకోసం చేసుకునేది. ఆయన రైల్వేలో సిగ్నల్ గదిలో రాత్రి డ్యూటీ చేసి పొద్దున్నొచ్చి పడుకునేవాడు. నాకు తెలీదు. తలుపు కొట్టి ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. లీజులో షరతు ఎత్తి రాసి పంపాడు: "పై అంతస్తు నేల మొత్తం కార్పెట్‌తో కప్పి ఉంచవలెను." నాకు ఒళ్ళు మండింది. మర్నాడే ఉన్నవాటిలోకెల్లా మందం కార్పెట్ గోడనుంచి గోడకి వేయించాను. షూస్ పెట్టెలో పెట్టేశాను. అంతే. ఆయన రెండేళ్ళకి రిటైరయ్యాడు. నేను మళ్ళీ తియ్యలేదు.

అందుకేరా నోటీసు వద్దన్నాను. ఆయన పంపిన కాగితం ఎలా గుచ్చుకుందో నాకు తెలుసు. ఇప్పుడు నేనూ అదే పంపాను.

ఇచ్చావా? ఏమన్నాడు?

అత్త


బెక్స్‌హిల్,
సెప్టెంబరు 30

అత్తా,

ఇచ్చాను. 28నే ఇచ్చాను. ముందు ఊపిరి పీల్చుకో.

ఇప్పుడు నేను దాచింది. బుధవారం పిల్లకి డెబ్బై ఆరేళ్ళు. బట్టతల. పేరు మిస్టర్ ఆర్థర్ ఏక్‌హర్స్ట్.

చీపురు కర్ర రోజు తర్వాత వారం మళ్ళీ కొట్టాడు. ఇంకోసారి సారీ చెబ్దామని దిగితే "భోంచేశావా?" అన్నాడు. లేదన్నా. రెండు కంచాలు అప్పుడే బల్లమీదున్నాయి. అప్పట్నుంచి ప్రతి బుధవారం. క్రంబుల్ ఆయన చేస్తాడు. పేకాట నేర్పాడు, ప్రతి వారం ఓడిస్తాడు, ఓడించి "బాగా ఆడావు" అంటాడు, అది ఇంకా మండుతుంది. నేను స్థిరంగా రెండు గంటలు ఒక కుర్చీలో కూర్చున్నది మా అమ్మ చూస్తే చర్చికెళ్ళి కొవ్వొత్తి వెలిగిస్తుంది. నీకు చెప్తే తిడతావని చెప్పలేదు. ఆయనకి లీజు గురించి చెప్పలేదు, నువ్వు వద్దన్నావని. ఇటు నీ ఉప్పు తింటున్నా, అటు ఆయన క్రంబుల్ తింటున్నా. మధ్యలో నాకు అరగట్లేదు.

28 బుధవారం. లాయరమ్మ "ఇలాంటప్పుడు యజమానులు తలుపు తియ్యరు, ఊళ్ళో ఉండరు" అని చెప్పి పంపింది. నేనొచ్చేసరికి కింద దీపాల్లేవు. బెల్లు కొట్టా. లేడు. మెట్ల మీద కూలబడ్డా. తలుపు సందులోంచి కవరు జారవిడిస్తే చెల్లుతుందని ఆవిడే అంది. చెయ్యి రాలేదత్తా. ఆయనా నీకు అలాగే కదా కాగితం పంపింది, అనుకున్నా.

కాదులే, అప్పటికి నాకా సంగతి తెలీదు, నీ ఉత్తరం నిన్నొచ్చింది. ఊరికే, దొంగలా అనిపించింది.

చీకటి పడుతుంటే వాకిట్లో గేటు చప్పుడు. చంకలో చేపా చిప్సు పొట్లాలు రెండు.

"ఓవెన్ చెడిపోయింది. క్యూ చాంతాడంతుంది" అన్నాడు. "ఏం, మెట్లు తుడుస్తున్నావా ప్యాంటుతో?"

లోపలికెళ్ళాం. పొట్లాలు విప్పాడు. నేను కవరు బల్లమీద పెట్టా. "ఇది మీకు. ఇవాళే ఇవ్వాలి."

చూశాడు. ముట్టుకోలేదు. "ముందు చేప తిను. చల్లారితే చెప్పు అట్టలా ఉంటుంది."

తిన్నా. ఆయన వేళ్ళు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, కవరు చింపి, మొదట్నుంచి చివరిదాకా చదివాడు. నీ సంతకం దగ్గర ఆగాడు.

"సంతకం వంకరగా ఉందే?"

"నా వీపు మీద పెట్టిందండీ. వాన్లో."

"పడవలోనా?"

"పడవలో. మీకెలా తెలుసు?"

"నీ బూట్లు చూస్తే తెలీదూ." కళ్ళజోడు తీసేశాడు. "ఏ బుధవారం తెస్తావా అని చూస్తున్నా. ఇదే ఆఖరి బుధవారం. రేపయితే నాకు బోలెడు లాభం, తెలుసా?"

"తెలుసండీ."

"తెలుసుగా. మరి తెలిసీ బుధవారం బుధవారం నా క్రంబుల్ తిని పోయావు, ఒక్క మాట అనలేదు."

"మీరూ అనలేదుగా!" అని అరిచేశా అత్తా. "మీరిద్దరూ అనరు! చీటీలు పెడతారు! ఎండలు బాగున్నాయంటారు! మధ్యలో నేను రగ్బీకి నడుస్తా!"

ఆయన పైకప్పుకేసి చూశాడు. "పంతొమ్మిదేళ్ళు ఆవిడ నడక విన్నాను" అన్నాడు. "ఎడమకాలు కొంచెం గట్టిగా పడుతుంది. కెటిల్ దగ్గరికి ఏడడుగులు. ఇప్పుడు నువ్వు. నువ్వూ వెళ్ళిపోతావు. తర్వాత ఎవరో." అని కవరు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "అందిందని చెప్పు మీ లాయరమ్మకి. జవాబు మా లాయరిస్తాడు. రెండు నెలల టైముంటుంది నాకు."

అంతే. ఒప్పుకున్నాడో లేదో మొహంలో తెలీలేదు. పేకముక్కలు తీశాడు. ఓడించాడు. "బాగా ఆడావు" అన్నాడు.

కర్టిస్


హిల్‌మోర్టన్,
అక్టోబరు 6

కర్టిస్,

నీ ఉత్తరం నార్మన్‌కి చదివి వినిపించలేదు. ఒక్కదాన్నే చదువుకున్నా.

కెటిల్ దగ్గరికి ఏడా? నేనెప్పుడూ చూసుకోలేదు.

తిడతానని ఎందుకనుకున్నావురా? బుధవారాలు మానకు.

అత్త


బెక్స్‌హిల్,
నవంబరు 19

అత్తా!

ఒప్పుకున్నాడు!!

లాయరమ్మ పిలిచింది. బేకరీలోంచి రెండు బన్నులు కూడా తెప్పించింది, అప్పుడే అర్థమైంది మంచి కబురని. మనం చెప్పిన ధరకి పైసా పెంచలేదు. తొంభై ఏళ్ళు కలిసాయి. ఏడాదికి ఒక మిరియం అద్దె. గుడ్‌విన్‌ల బ్యాంకు ఒప్పేసుకుంది, నర్సమ్మ ఫోన్లోనే ఏడ్చింది, వెనకాల కవలలు దేన్నో పగలగొట్టారు. క్రిస్మస్ ముందే అయిపోతుందంట. నార్మన్‌కి చెప్పు, లెస్టర్‌వాణ్ణి వేరే పడవ చూసుకోమను.

కానీ ఒక్క షరతు పెట్టాడంట. లాయరమ్మ చదువుతూ కళ్ళజోడు సర్దుకుంది. "ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇలాంటిది చూళ్ళేదు. యజమానులు షరతులు చేరుస్తారు. ఈయన తీసేయమంటున్నాడు."

కొత్త లీజులో కార్పెట్ షరతు కొట్టెయ్యాలి. అదీ ఆయన కోరిక. ఇంకేం లేదు.

బుధవారం నేను ఆ మాటెత్తితే "కవల పిల్లలొస్తున్నారన్నావుగా. జామ్ మరకలు కార్పెట్‌కి పోవు, చెక్కకైతే తుడిస్తే పోతాయి" అన్నాడు. అని పేకముక్కలకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆవేళ మొదటిసారి నేను గెలిచా. ఆయన ముక్కలు చూసుకోలేదు.

కాగితాల మీద సంతకాలకి నువ్వు రావాలి. నువ్వొస్తే పడవ దగ్గరెవరుంటారు? నార్మన్ మోకాళ్ళు ఎలాగూ పోయాయి. నేనొస్తా. నాలుగు గోడల మధ్య నడిచి నడిచి ఇక్కడ దారి పడిపోయింది. కదిలే ఇల్లయితే నేను కూర్చున్నా అదే నడుస్తుంది, నాకు సరిపోతుంది.

తాళాలు ఆయన దగ్గర పెట్టి వస్తా. అడిగి తీసుకో. నోటితో.

కర్టిస్


బెక్స్‌హిల్,
డిసెంబరు 17

ఒరేయ్ కర్టిస్,

అలమరా మీద పెట్టె ముట్టుకోవద్దన్నానా లేదా?

తాళాలు అడిగాను. తలుపు తీశాడు. బయట వడగళ్ళు, ఇద్దరం తడిసిపోతున్నాం. "ఎండలు తగ్గాయి" అన్నాడు. "అవును, బాగా తగ్గాయి" అన్నాను. తాళాలిచ్చాడు. పదిహేడేళ్ళ తర్వాత మా సంభాషణ అది. నవ్వకు.

పైకొచ్చి తలుపు తీస్తే ముందుగది బోసిగా ఉంది. కార్పెట్ లేదు. ఎప్పుడు పీకావురా, ఒక్కడివేనా? చెక్కలు తుడిచి పెట్టావు. మధ్యలో నా షూస్. తుడవలేదు, అది నయం.

సామాన్లు కట్టాను. సంతకాలయ్యాయి. రేపు పొద్దున గుడ్‌విన్‌లు వస్తారు. ఇవాళ గదిలో నేనూ, కెటిలూ మిగిలాం. అవునురా, ఏడడుగులే.

షూస్ వేసుకున్నాను. పాదాలు వెడల్పయ్యాయి, లాకుల పుణ్యం. మొదట కిటికీ పట్టుకుని నెమ్మదిగా మొదలెట్టాను. మోకాలు ఒకటి కటుక్కుమంది, అది తాళంలో లేదు. తర్వాత కిటికీ వదిలేశాను. చిన్నపిల్లలకి మొదటి పాఠంగా చెప్పే అడుగులే, టక టక టక్ టక్, టక్. మళ్ళీ అదే. ఇల్లంతా మోగింది.

కింద చీపురు కర్ర మోగింది.

ఆగిపోయాను. పదిహేడేళ్ళయినా మారలేదీ మనిషి, అనుకున్నాను. వంగి షూ లేసు విప్పబోతున్నా.

మళ్ళీ కొట్టాడు. టక టక టక్ టక్.

ఆగాడు. చివరి టక్ కొట్టలేదు. అక్కడే ఆపి ఊరుకున్నాడు. కింద ఆయన కర్ర పట్టుకుని నిలబడ్డాడు, పైన నేను ఒంటికాలి మీద. నాకు తెలుసు, ఆయనకీ తెలుసు, అది నాదని.

ఎడమకాలు గట్టిగా వేశాను.

పొయ్యిలో బొగ్గు మర్చిపోకు. ఎల్లుండి వస్తున్నా.

అత్త